కాఫీకి ఫోన్ నంబరు ఎందుకు? అనంతపురం నుంచి ఒక ఫిర్యాదు లేఖ

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: అనంతపురంలోని మీ శాఖలో బిల్లుకు ఫోన్ నంబరు తప్పనిసరి చేయడం, అడగకుండానే సర్వీస్ చార్జీ కలపడం, తెలుగులో ధరల పట్టిక లేకపోవడం గురించి.

ఆర్యా,

నేను అనంతపురంలో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. మా ఊళ్ళో మీ కాఫీ దుకాణం తెరిచినప్పటి నుంచి అక్కడికి తరచుగా వస్తున్నవారిలో నేనూ ఒకదాన్ని. ఈ లేఖలో రాస్తున్న విషయాల్లో కొన్ని చట్టానికి సంబంధించినవి, కొన్ని మర్యాదకు సంబంధించినవి. మీ దుకాణం మా ఊరికి అక్కర్లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. నాకు కావలసిన చోటు గనుకనే, కొన్ని నెలలుగా అక్కడ వస్తున్న మార్పులు చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

బయటివారికి వింతగా తోచవచ్చు గాని, అనంతపురంలో వానకు కరువుంది తప్ప మంచి కాఫీకి ఎన్నడూ లేదు. ఒకవైపు బళ్ళారి, మరోవైపు బెంగళూరు ఉండడం వల్ల కాఫీ అలవాటు మాకు ఏనాడో అబ్బింది. పొడి అంగడికి వెళితే చికోరీ ఎన్ని పాళ్ళు వేయాలో అడిగి, గింజలు మన కళ్ళముందే మరపట్టి ఇస్తారు. టవర్ క్లాక్ చుట్టుపక్కల హోటళ్ళలో తెల్లవారకముందే డికాషన్ దిగి ఉంటుంది. ఇరవై రూపాయలకు పొగలు కక్కే కాఫీ చేతికి వస్తుంది. మీరు వచ్చాక ఆ హోటళ్ళకు గిరాకీ పోయిందని కొందరు అంటుంటారు గాని, నేను చూసినంతలో అలాంటిదేమీ లేదు. ఆ కాఫీ తాగే మనిషి మీ దగ్గరికి రాడు, వచ్చినా ధర చూసి వెనుదిరుగుతాడు.

అయినా నేను మీ దగ్గరికి ఎందుకు వస్తున్నానో చెప్పాలి. మా ఊరి హోటల్లో మగవాళ్ళు కాఫీ తాగి, పేపరు తిరగేసి, రాజకీయాలు మాట్లాడుకుంటూ పనిలేకపోయినా గంటసేపు కూర్చుంటారు, వాళ్ళను ఎవరూ ఏమీ అనరు. ఆడమనిషి ఒక్కతే వెళితే మాత్రం సర్వరు ముందుగా లోపలి ఫ్యామిలీ రూమ్ వైపు చెయ్యి చూపిస్తాడు. చేతులు కడిగే తొట్టి పక్కన, గాలి ఆడని ఆ గదిలో కూర్చుని గబగబా తాగి లేచి రావడమే మా తరం ఆడవాళ్ళకు తెలిసిన హోటల్ కాఫీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కాలేజీ వదిలాక బస్సు వచ్చేదాకా ఎక్కడ కూర్చోవాలో తెలియక, ఆర్టీసీ బస్టాండు బల్ల మీదే పరీక్ష పేపర్లు దిద్దుకున్న రోజులున్నాయి. మీ దుకాణంలో ఒక మూల బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని ఒక కట్ట పేపర్లు మొత్తం దిద్దుకుంటే ఎవరూ తల తిప్పి చూడలేదు, ఎవరి కోసం ఎదురుచూస్తున్నావని అడగలేదు. అక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి ఉంది, దాని గడియ సరిగ్గా పడుతుంది. ఫిర్యాదు లేఖలో ఈ మాట ఎందుకని మీరు అనుకోవచ్చు గాని, పొద్దున బజారుకు వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే ఏ ఆడమనిషిని అడిగినా దాని విలువ చెబుతుంది. డీఎస్సీకి, గ్రూప్స్‌కు చదువుకునే అమ్మాయిలు ఇరుకు హాస్టల్ గదుల నుంచి వచ్చి, ముగ్గురు కలిసి ఒకటో రెండో కాఫీలు కొనుక్కుని, పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ళలో నా పాత విద్యార్థినులు కూడా ఉన్నారు. ఈ మేలు మీరు తలపెట్టి చేసింది కాకపోవచ్చు, అయినా జరిగింది.

ఇక జరిగిన సంగతికి వస్తాను. మొన్న ఒక శనివారం సాయంత్రం మా అత్తగారిని తీసుకుని మీ దుకాణానికి వచ్చాను. కౌంటరు దగ్గర రెండు కాఫీలు, ఒక శాండ్‌విచ్ చెప్పగానే అక్కడి అబ్బాయి నా ఫోన్ నంబరు అడిగాడు. ఇవ్వనన్నాను. నంబరు వేయకపోతే యంత్రం బిల్లు ముందుకు పోనివ్వదని చెప్పాడు. మేనేజరును పిలిపిస్తే ఆయనా అదే మాట చెప్పి, కావాలంటే ఇంట్లో ఇంకెవరి నంబరైనా ఇవ్వమని సలహా ఇచ్చారు. వెనుక వరుస పెరుగుతోంది, మా అత్తగారు మోకాళ్ళ నొప్పితో నిలబడి ఉన్నారు, ఇక తప్పక నంబరు చెప్పాను. 'కాఫీ తాగేదానికి గూడా ఫోను నంబరు యాలమ్మా వీళ్ళకి?' అని ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మీరే ఇవ్వాలి. ఇంటికి చేరేలోగానే ప్రచార సందేశాలు మొదలయ్యాయి. వారం తిరక్కముందే, మీ సభ్యత్వ కార్డు గురించి అంటూ ఎవరో ఒక మగమనిషి ఫోన్ చేసి నన్ను పేరు పెట్టి పలకరించాడు.

అమ్మకం జరపడానికి ఫోన్ నంబరు కావాలని కొనుగోలుదారులను బలవంతపెట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో వ్యాపారులకు స్పష్టంగా సూచించింది. అదే సంవత్సరం వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, ఒకరి సమాచారం తీసుకోవాలంటే దేనికో చెప్పి, వారి ఇష్టంతోనే తీసుకోవాలన్న సూత్రం మీద నిలబడింది. కౌంటరు దగ్గర కాఫీ ఆపి తీసుకునే నంబరును ఇష్టంతో ఇచ్చినదని ఎవరూ అనలేరు. నగదు ఇచ్చి కొన్న సరుకుకు ఆ నంబరుతో అవసరమే లేదు.

ఇది చిన్న విషయమని మీ కార్యాలయంలో ఎవరికైనా అనిపిస్తే, మా ఊళ్ళో ఒక అమ్మాయి ఫోన్ నంబరు పదిమంది చెవిన పడేలా చెప్పడం అంటే ఏమిటో వారు ఒక్కసారి ఆలోచించాలి. మీ కౌంటరు దగ్గర నంబరు గట్టిగా చెప్పాలి, లేకపోతే ఆ సంగీతంలో వినపడదు. కాఫీ సిద్ధమయ్యాక పేరు పెట్టి కేక వేస్తారు. పేరు, నంబరు రెండూ విన్నవాడు పక్క బల్ల దగ్గరే ఉండవచ్చు. ఈ కారణంగానే ఇద్దరు అమ్మాయిలు రావడం మానేశామని నాతో చెప్పారు. ఎవరూ పట్టించుకోకుండా ఒంటరిగా కూర్చోగలగడమే వాళ్ళు మీ దగ్గరికి రావడానికి కారణం అయినప్పుడు, తలుపు దగ్గరే పేరూ ఊరూ చెప్పించుకుంటే వాళ్ళకు మీ దుకాణంతో పనేముంది? ఒక టోకెన్ అంకె ఇస్తే సరిపోయే చోట ఇంత తతంగం ఎందుకో నాకు అర్థం కాలేదు.

రెండో విషయం ఆ రోజు బిల్లు. తీసుకున్నవాటి ఖరీదు 640 రూపాయలు. దానికి నన్ను అడగకుండా పది శాతం సర్వీస్ చార్జీ 64 రూపాయలు కలిపి, ఆ మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ వేసి 739 రూపాయల 20 పైసలు తీసుకున్నారు. సర్వీస్ చార్జీ లేకపోతే నేను ఇవ్వవలసింది 672 రూపాయలు. హోటళ్ళు బిల్లులో సర్వీస్ చార్జీని తమంతట తాము కలపరాదని, అది కలిపిన మొత్తం మీద జీఎస్టీ వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని హోటళ్ళ సంఘాలు సవాలు చేస్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇవన్నీ మీ న్యాయ విభాగానికి నాకన్నా బాగా తెలిసి ఉండాలి. చట్టం మాట పక్కనపెట్టినా, వరుసలో నేనే నిలబడి, పళ్ళెం నేనే మోసుకుని, తాగాక కప్పులు నేనే తీసుకెళ్ళి తొట్టిలో వేసే చోట ఆ 64 రూపాయల సేవ ఎవరు చేశారో తెలుసుకోవాలని ఉంది. ఈ డబ్బు మీకు అందుతుందా అని కౌంటరు అబ్బాయిని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఆ అబ్బాయిది ధర్మవరం. మా అత్తగారు ఏమేమి ఉన్నాయని తెలుగులో అడిగితే ఇంగ్లీషులోనే జవాబు చెప్పాడు. ఆవిడ మళ్ళీ అడిగారు, అతను మళ్ళీ ఇంగ్లీషే మాట్లాడాడు. మేనేజరు లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించి, 'పైనుంచి అట్లే మాట్లాడమన్నారు మేడమ్' అన్నాడు. ఇద్దరూ తెలుగువాళ్ళే అయినప్పుడు, ఒకరికి తెలియని భాషలో రెండోవారు మాట్లాడాలని నియమం పెట్టిన వ్యాపారం ఏమి ఆశించి ఆ పని చేస్తుందో, ఇన్నేళ్ళుగా అర్థశాస్త్రం చెబుతున్నా నాకు అంతుపట్టలేదు. దయచేసి ఈ కారణంగా ఆ అబ్బాయి మీద ఎలాంటి చర్యా తీసుకోవద్దు. మా ప్రాంతపు పిల్లలకు బెంగళూరు పోకుండా సొంత ఊరి దగ్గరే ఉద్యోగం ఇచ్చారని మిమ్మల్ని మెచ్చుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను.

ధరల పట్టిక మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. బయట బోర్డు మీద తెలుగు అక్షరం వెతికినా కనిపించదు. మా రాష్ట్రంలో దుకాణాల పేర్ల బోర్డులు తెలుగులో ఉండాలని దుకాణాలు, సంస్థల చట్టం కింద నియమం ఉంది. మీరు నియమాలు పట్టించుకోనివారని కూడా అనలేను. పది లేదా అంతకు మించి శాఖలున్న సంస్థలు ప్రతి పదార్థం పక్కన కెలోరీలు చూపాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన పెడితే, మీరు చక్కగా ప్రతి కాఫీ పక్కన అంకె వేశారు. అంత శ్రద్ధలో కొంత తెలుగు బోర్డు మీద కూడా పెట్టవచ్చు.

నీళ్ళ సంగతి ఒక్క మాటలో చెబుతాను. తాగడానికి నీళ్ళు అడిగితే సీసా కొనుక్కోమన్నారు. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చేదాకా ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన వందల ఊళ్ళు ఉన్న జిల్లా ఇది. ఎండాకాలం వస్తే కుండలూ చలువ పందిరీ సమకూర్చుకుని వీధి చివర చలివేంద్రం పెట్టేది ఇక్కడ డబ్బున్నవాళ్ళు మాత్రమే కాదు. ఇలాంటి ఊళ్ళో రెండు వందల ఇరవై రూపాయలు పెట్టి కాఫీ కొన్న ముసలావిడకు గ్లాసు నీళ్ళు లేవనడం చాలా తప్పుగా అనిపించింది.

ఇటీవల బల్లల మీద, గంట దాటి కూర్చోవాలంటే మరో ఆర్డరు ఇవ్వాలని చిన్న అట్టలు పెట్టారు. దీని మీద నా అభిప్రాయం అంత సూటిగా లేదు. అద్దె, కరెంటు, జీతాలు అన్నీ ఆ బల్లల మీదే రావాలని నాకు తెలుసు, శని ఆదివారాల సాయంత్రాలు చోటు దొరక్క మనుషులు తిరిగి వెళ్ళడం కూడా చూశాను. ఆ వేళల్లో మీరు ఆ నియమం పెట్టుకుంటే తప్పు పట్టను. సోమవారం మధ్యాహ్నం సగం బల్లలు ఖాళీగా ఉన్నప్పుడు, చదువుకుంటున్న అమ్మాయి దగ్గరికి వచ్చి అట్ట చూపించి లేపడం మాత్రం వ్యాపారానికీ పనికిరాదు.

కాఫీ గురించి కూడా ఒక మాట. ఇది ఫిర్యాదు కాదు, నా గొణుగుడు అనుకోండి. మీ గోడ మీద ఎక్కడెక్కడి దేశాల తోటల బొమ్మలు ఉన్నాయి. మన రాష్ట్రంలోనే అరకు కొండల్లో గిరిజన రైతులు నీడచెట్ల కింద, మిరియాల తీగల నడుమ పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాంతో చేసిన ఫిల్టర్ కాఫీ ఒకటి, చిన్న గ్లాసులో, అందుబాటు ధరకు పెడితే టవర్ క్లాక్ దగ్గర తాగేవాళ్ళలో కొందరైనా మీ మెట్లు ఎక్కుతారని నా నమ్మకం.

నేను కోరేవి ఇవి. నా దగ్గర అదనంగా తీసుకున్న 67 రూపాయల 20 పైసలు తిరిగి ఇవ్వాలి, ఇకమీదట ఎవరి బిల్లులోనూ సర్వీస్ చార్జీ దానంతటది పడకుండా మీ యంత్రాన్ని సరిచేయాలి. ఫోన్ నంబరు లేకుండా బిల్లు ఇవ్వాలి, పేరుకు బదులు టోకెన్ అంకె పిలవాలి. నా నంబరును మీ జాబితా నుంచి తీసేసి, తీసేసినట్టు రాతపూర్వకంగా తెలియజేయాలి. బోర్డు, ధరల పట్టిక తెలుగులో కూడా ఉంచాలి, తెలుగులో అడిగినవారికి తెలుగులో జవాబు చెప్పే స్వేచ్ఛ మీ సిబ్బందికి ఇవ్వాలి. ఆ రోజు బిల్లు నకలు, వచ్చిన సందేశాల నకళ్ళు జతచేశాను.

ముప్పై రోజుల్లో సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేస్తాను, ఆ తరువాత అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. మీ ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే ఊళ్ళోనే ఫిర్యాదు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా ఉండదు. అంతదూరం పోవలసిన అవసరం రాదనే అనుకుంటున్నాను.

మీ జవాబును కవరు మీద ఉన్న చిరునామాకు పంపగలరు. మీ యంత్రంలో ఉన్న నా ఫోన్ నంబరును మాత్రం ఇందుకోసం వాడవద్దు.

ఇట్లు,
భవదీయురాలు,
మీ అనంతపురం శాఖ వినియోగదారు