డేటాషీట్లలో తప్పులు ఎవరు దిద్దాలి?

సంపాదకులకు నమస్కారం.

సెమీకండక్టర్ రంగంలో మన యువతకు రానున్న ఉద్యోగాల గురించి గత ఆదివారం మీరు ప్రచురించిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండబట్టక రాస్తున్నాను. కేంద్రం 2021లో ప్రకటించిన 76,000 కోట్ల రూపాయల ప్రస్తావన అందులో మూడు చోట్ల ఉంది గానీ, ఆ ఉద్యోగాల్లో చేరబోయే పిల్లవాడికి ఒక డేటాషీట్‌ను, అంటే విడిభాగం కొలతలూ వాడే తీరూ చెబుతూ కంపెనీ ఇచ్చే కాగితాన్ని, అనుమానంతో చదవడం వచ్చునా రాదా అన్న మాట ఒక్కచోటా లేదు.

బోరు మోటార్ల ఆటో స్టార్టర్లకు బోర్డులు తయారుచేసే చిన్న షెడ్డు నాది. రెండేళ్ల కిందట, రిలేను (కరెంటుతో పనిచేసే స్విచ్చును) నడిపే 2222 రకం ట్రాన్సిస్టర్ ఎప్పుడూ వాడే సరుకు దొరక్క, వేరే కంపెనీది తెప్పించి 200 బోర్డులు బిగించాం. రిలే పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు, టకటకమని కొట్టుకుంటుంది. రెండు రోజులపాటు ప్రోగ్రాము రాసిన కుర్రవాణ్ణి అన్యాయంగా తిట్టాక, ఆ ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో డేటాషీట్ మొదటి పేజీ బొమ్మలో ఎమిటర్ అని చూపిన కాలినే చివరి పేజీ బొమ్మలో కలెక్టర్ అని రాసినట్టు కనబడింది. ఈ రకంలో పీఎన్ అని మొదలయ్యే పేరుకు కాళ్లది ఒక వరుస, పీ2ఎన్ అని మొదలయ్యే పేరుకు సరిగ్గా దానికి తిరగేసిన వరుస మార్కెట్లో ఉన్నమాట నిజమే. కానీ ఒకే కాగితంలో రెండూ ఉండటం ఏమి న్యాయం? మల్టీమీటరులో గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో) చూసే సాకెట్‌లో ట్రాన్సిస్టర్‌ను గుచ్చితే సరైన వైపు వందల్లో చూపిస్తుంది, తిప్పి గుచ్చితే అంకె అడుగంటుతుంది. అర నిమిషం పని. ఆ అర నిమిషం నేనూ పెట్టలేదని ఒప్పుకుంటున్నాను. కంపెనీకి రాస్తే ఈనాటికీ జవాబు లేదు.

ఇది ఒక్క కంపెనీ నిర్లక్ష్యమైతే ఇంత రాయను. సింబల్ అనే ఫాంటులో చిన్న ఎమ్ కొడితే మైక్రో గుర్తు, పెద్ద డబ్ల్యూ కొడితే ఓమ్ గుర్తు పడతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు చేరగానే ఉత్త అక్షరాలే మిగిలి, మైక్రో ఆంపియర్ కాస్తా మిల్లీ ఆంపియర్ అవుతుంది, అంటే వెయ్యి రెట్లు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ 10 కిలోవాట్లదిగా అచ్చవుతుంది. కిలోవాట్లను చూసి ఎవరైనా నవ్వుకుని దిద్దుకుంటారు. మిల్లీ ఆంపియర్ మాత్రం నిజంలాగే కనబడుతుంది.

వోల్టేజిని ఒకే స్థాయిలో నిలిపే చిప్పు, ఎల్ఎమ్ 317 వోల్టేజి రెగ్యులేటర్ సంగతి మరీ విడ్డూరం. దానికి 240 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టమని పుస్తకాలన్నీ వల్లిస్తాయి. ఆ రెసిస్టర్ మీద అది నిలిపే 1.25 వోల్టులను 240తో భాగిస్తే, అందులో పారే కరెంటు సుమారు 5.2 మిల్లీ ఆంపియర్లు. అదే డేటాషీట్ పట్టికలోకి వెళ్తే, అది నిలకడగా పనిచేయడానికి కావలసిన కనీస లోడు, అంటే దాని నుంచి ఎప్పుడూ పారుతుండాల్సిన కరెంటు, కొన్ని చిప్పులకు 10 మిల్లీ ఆంపియర్ల దాకా ఉండవచ్చని కనిపిస్తుంది. ఆ 240 దాని ఖరీదైన అన్నగారు ఎల్ఎమ్ 117కు సరిపోయే లెక్క. తమ్ముడికి 120 పెట్టుకోవాలి. బొమ్మ అన్నది, పట్టిక తమ్ముడిది, లోడు లేనప్పుడు పైకి పాకే వోల్టేజి మనది.

పాస్‌పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడితే రైతే తిరగాలి, ఓటరు కార్డులో తండ్రి పేరు మారితే ఓటరే తిరగాలి. రాసినవాడు తప్ప మిగతా లోకమంతా దిద్దుకోవాలన్న ఈ ఆచారం మన ప్రయోగశాలల్లోకీ వచ్చింది. కొన్నేళ్ల కిందట ఒక పాలిటెక్నిక్‌వారు పిలిస్తే వెళ్లి, వారి ల్యాబ్ మాన్యువల్‌లో ఆ 240 పక్కన 120 అని, ఎందుకో కూడా, పెన్సిలుతో రాసి వచ్చాను. నిరుడు మళ్లీ వెళ్లినప్పుడు అదే పుస్తకం తీసి చూశాను. నా రాతను రబ్బరుతో చెరిపేసి, కింద "పుస్తకంపై రాయరాదు" అని ముద్ర కొట్టి ఉంది.

ఇట్లు,
ఒక చిన్న పరిశ్రమ యజమాని,
బాలానగర్, హైదరాబాద్