మెదడు కణితి రోగులు, కుటుంబాల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ సమయం, కణితి ముక్కను పరీక్షించి ఇచ్చే బయాప్సీ నివేదికకే కేటాయించాం. స్కాన్ ఫిల్ములను అందరూ భద్రంగా దాచుకుంటారు. బయాప్సీ నివేదికలో చివరి పేజీని మాత్రం చాలామంది చదవరు. చికిత్స దారి తేలేది తరచుగా అక్కడే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణను సవరించాక, పెద్దల్లో గ్లయోమా (మెదడులోని నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల తరహా కణితి) ఏ రకమో తేల్చడానికి కణాల రూపం ఒక్కటే చాలదు. ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉందో లేదో కూడా చూడాలి. మార్పు ఉన్న కణితులు సాధారణంగా నెమ్మదిగా పెరుగుతాయి.

ఐడీహెచ్ మార్పు ఉన్న కణితులపై పనిచేసే వొరాసిడెనిబ్ మాత్రతో ఈ పరీక్ష విలువ మరింత పెరిగింది. శస్త్రచికిత్స తర్వాత కూడా ఐడీహెచ్ మార్పుతో రెండో గ్రేడు (నెమ్మదిగా పెరిగే) కణితి మిగిలినవారిపై జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం మాత్ర వాడినవారిలో 27.7 నెలలు, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) వాడినవారిలో 11.1 నెలలు. 2024 ఆగస్టులో అమెరికా దీనికి అనుమతినిచ్చింది. ఇది వ్యాధిని నయం చేసే మందు కాదు. కానీ రేడియేషన్‌ను కొన్నాళ్లు వాయిదా వేయగలగడం చదువుకుంటున్న, పిల్లల్ని పెంచుతున్న రోగులకు ఎంత ఊరటో మన సభ్యులకు తెలుసు.

వేగంగా పెరిగే మెదడు కణితి గ్లయోబ్లాస్టోమా విషయంలో ఇంత మంచి కబురు లేదు. రేడియేషన్‌కు టెమోజోలోమైడ్ అనే కీమోథెరపీ మందు జోడిస్తే మధ్యస్థ ఆయుష్షు 12.1 నుంచి 14.6 నెలలకు పెరుగుతుందని 2005లో తేలింది. నేటికీ చికిత్సకు అదే పునాది. చాలా మందులను మెదడులోకి రానివ్వని రక్తనాళాల గోడ ఒక అడ్డంకి. ఒకే కణితిలో రకరకాల కణాలుండటం మరొకటి. రోగి టీ కణాలనే (రోగనిరోధక కణాలు) మార్చి ఎక్కించే కార్-టీ చికిత్సతో కొందరిలో కణితి రోజుల్లోనే కుంచించుకుపోయిందని 2024లో వెల్లడైంది. చాలామందిలో ఆ ఫలితం నిలవలేదు. ఇలాంటి వార్త రాగానే ఆశపడే కుటుంబాలకు ఈ రెండో సగాన్నీ చెప్పాలన్నది మా నిశ్చయం.

సంరక్షకుల బృందం ఫోనులో మాట్లాడే సేవ యథావిధిగా కొనసాగింది.

రాబోయే ఏడాది క్లినికల్ ట్రయల్ అంగీకార పత్రాలను కలిసి చదువుదాం. శస్త్రచికిత్సకు వెళ్లేవారు కణితి ముక్కను ఎలా భద్రపరుస్తారో, ఏయే జన్యు పరీక్షలు చేస్తారో ముందుగానే వైద్యుణ్ని అడగండి. ఇప్పటికే శస్త్రచికిత్స అయినవారు వచ్చే సమావేశానికి బయాప్సీ నివేదిక పూర్తి ప్రతిని తీసుకురండి.

— కార్యవర్గం