మా తెలుగు బడి పిల్లలకు కథల పుస్తకాలు ఎప్పుడు? ఒడిశా విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల, సామూహిక విద్యాశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

నేను పర్లాకిమిడి ప్రాంతం వాణ్ణి. తెలుగు బడుల్లో ఏళ్ళ తరబడి చిన్న తరగతులకు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఈ సంగతి మీద తల్లిదండ్రులు, మాస్టార్లు కలిసి అర్జీలు పెట్టుకున్నారు. కొన్నిటికి రసీదు ఇచ్చారు, కొన్నిటికి అదీ లేదు. అవి మీ బల్ల దాకా వచ్చాయన్న నమ్మకం మాకు లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఖాళీగా ఉన్న తెలుగు మాస్టారు పోస్టుల గొడవ వేరే ఉంది, దాన్ని ఇందులో కలపను. కొత్త భవనం అడగడం లేదు. తెలుగు చదువుకునే చిన్న పిల్లల చేతికి తెలుగు కథల పుస్తకాలు ఇప్పించమని అడుగుతున్నాను.

తల్లిదండ్రుల సమావేశంలో ఒక అధికారి మైకు పట్టుకుని అందరి ముందూ మాట ఇచ్చారు. బడి గ్రంథాలయానికి వచ్చే విడతలో తెలుగు కథల పుస్తకాలు తప్పకుండా ఉంటాయన్నారు. కూలికి పోకుండా ఆ పూట మానుకుని వచ్చిన తల్లులు చప్పట్లు కొట్టారు. చాలా నెలలకు కట్ట వచ్చింది. పురికొస విప్పుతుంటే పిల్లలు చుట్టూ మూగి, తోసుకుంటూ ఒక్కో అట్ట తిప్పి చూశారు. ఒడియావి ఉన్నాయి, సంతోషం. ఇంగ్లీషువి ఉన్నాయి. ఒకే పుస్తకం నాలుగైదు ప్రతులు కూడా ఉంది. తెలుగులో ఉన్నది చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పే గోడపత్రిక ఒక్కటే. మూడో తరగతి పిల్ల ఒకతి దాన్నే నేల మీద పరిచి, మోకాళ్ళ మీద వంగి, పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివింది. సబ్బు, నీరు, తువ్వాలు, అన్నీ చదివింది. చదివి తలెత్తి, "దీన్లో కథ లేదేటి మేష్టారూ?" అంది.

ఆ పిల్లకు ఏం చెప్పమంటారు? జాబితాలో తెలుగు లేదమ్మా అని చెప్పాలా? జాబితా అంటే ఏంటో దానికి తెలియదు. తనకు చదవడం వచ్చిందని మాత్రం అప్పుడప్పుడే తెలుస్తోంది.

కథల పుస్తకం అనగానే కాలక్షేపం అనుకుంటారు. వాచకాలు ఇచ్చాం కదా, ఇంకేం కావాలని నన్ను అడిగినవాళ్ళున్నారు. తరగతి గదిలో జరిగేది చెబుతాను, ఓపిగ్గా వినండి. రెండో తరగతి దాటేసరికి పిల్లలకు గుణింతాలు వచ్చేస్తాయి. వత్తుల దగ్గర ఆగిపోతారు. వాచకంలో వత్తుల పాఠం ఒకటి ఉంటుంది, అది అవగానే ఇంకో పాఠం. ఒకసారి చూసిన వత్తు మళ్ళీ ఎప్పుడు కంటబడుతుందో తెలియదు. ఈ లోటు తీర్చేది కథే. మన ఏడు చేపల కథ తీసుకోండి. అవ్వలు చెప్పగా వచ్చిన కథ, ఏ పండితుడూ కూర్చుని రాసింది కాదు. చేపా చేపా ఎందుకెండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది అంటుంది. గడ్డి, అడ్డం, రెండింట్లోనూ డ వత్తే. వెంటనే గడ్డిమోపును పిలిచి ఎందుకు అడ్డమొచ్చావని అడగాలి గనుక అవే మాటలు మళ్ళీ చదవాలి. అవ్వ బువ్వ పెట్టలేదు అనేచోట వ వత్తు. చీమ కుట్టింది, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అనేచోట ట వత్తు. జవాబులోని మాట తర్వాతి ప్రశ్నలో తిరిగొస్తుంది. మొదటిసారి తడబడ్డ నాలుక రెండోసారికి తిరుగుతుంది. కథ చెవికి ముందే తెలుసు గనుక తర్వాత ఏ మాట వస్తుందో పిల్ల ఊహిస్తుంది, ఊహించి అక్షరం చూసి సరిచూసుకుంటుంది. చదవడం పట్టుబడేది ఇక్కడే. నెలల తరబడి పలక మీద దిద్దించినా రానిది ఒక్క కథతో రావడం నా కళ్ళారా చూశాను.

పుస్తకం లేక ఆ కథను పాత క్యాలెండర్ల వెనక స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసి, బొమ్మలు పిల్లల చేతే వేయించి, గోడకు మేకులు కొట్టి తగిలించాను. అంచులు చిరిగి మేకు నుంచి ఊడిపోయేదాకా చదివారు. తర్వాత "ఇంకోటుందేటి మేష్టారూ?" అన్నారు. ఆ ప్రశ్న కోసమే మాస్టారు జీవితమంతా పాఠం చెబుతాడు మంత్రిగారూ. పిల్లవాడు తనంతట తాను ఇంకో కథ అడిగాడంటే సగం చదువు వచ్చేసినట్టే. సరిగ్గా అప్పుడు ఇవ్వడానికి మా దగ్గర ఇంకో కథ లేదు. మాస్టారు ఎన్ని క్యాలెండర్లు రాస్తాడు? రాసే మాస్టారు లేని బళ్ళో పిల్లల గతేంటి?

పద్యాలదీ ఇదే కథ. ఉప్పు కప్పురంబు అని అందుకుంటే తరగతి మొత్తం గొంతు కలిపి చివరిదాకా చెబుతుంది, ఇంట్లో తాతలు నేర్పారు. అదే పద్యం అచ్చులో చూపిస్తే సగంమంది పోల్చుకోలేరు. నోటికొచ్చిన పద్యాన్ని పక్కన బొమ్మతో, కింద నాలుగు మాటల భావంతో చూపించే చిన్న పుస్తకం ఉంటే చాలు.

మాకు వచ్చిన జవాబులు కూడా మీరు వినాలి. మొదట బడివాళ్ళను అడిగితే పుస్తకాల జాబితా పైనుంచి వస్తుంది, అందులోంచే తీసుకోవాలన్నారు. పైవాళ్ళను అడిగితే ఏ పుస్తకాలు కావాలో రాసి పంపే కోరిక పత్రం కిందనుంచి రాలేదన్నారు. కోరిక పత్రం తెప్పించి చూస్తే అందులో తెలుగుకు గడే లేదు. గడి లేదని చెబితే ముందు తెలుగు పిల్లల లెక్క ఇవ్వమన్నారు. పేర్లు, తరగతులతో సహా లెక్క ఇచ్చాం. తర్వాత ఆ సీటులో ఉన్న ఆయన బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినాయన మళ్ళీ లెక్క అడిగారు. ఒకాయన అయితే, తెలుగు పుస్తకాలు కావాలంటే ఆంధ్రావాళ్ళనే అడగండన్నారు. సరిహద్దు అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం ఎంత దూరమని, అదీ అడిగి చూశాం. అక్కడివాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి, వేరే రాష్ట్రం బడులకు ఇచ్చే వీలు మాకు లేదన్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. మా పిల్లలు ఒడిశా పిల్లలు. ఒడిశా బడిలో కూర్చుంటారు, ఒడిశా ప్రభుత్వం పెట్టే మధ్యాహ్న భోజనం తింటారు. కథల దగ్గరకొచ్చేసరికే వాళ్ళు ఆంధ్రావాళ్ళు ఎలా అవుతారు? ఆ మాట విన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు, దాచుకోను.

ఇప్పుడన్నీ ఫోన్లో ఉన్నాయి కదా మాస్టారూ అన్నారు ఇంకొకరు. ఉన్నాయి. చందమామ రావే జాబిల్లి రావే అని బొమ్మలు ఆడుతూ పాడతాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, చూసి పక్కన పెడతారు. అక్షరం మీద వేలు పెట్టే పని అందులో లేదు. పైగా తండ్రి పనికి పోతే ఫోను ఆయన జేబులో పోతుంది.

డబ్బు లేదని మాత్రం ఎవరూ అనలేదు, అనలేరు కూడా. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక బడి గ్రంథాలయానికి ఏటా 5,000 రూపాయల దాకా ఇవ్వవచ్చునని మీకు నేను చెప్పాలా? తక్కువ ధరకే చక్కటి బొమ్మల పుస్తకం వచ్చే రోజులివి. నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తోంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో 2015 నుంచి తెలుగు కథలు, ఒడియా కథలు బొమ్మలతో సహా ఉచితంగా ఉన్నాయి. రాసినవాళ్ళ, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు వేసి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అనుమతి కోసం ఎవరి గుమ్మం ఎక్కనక్కర్లేదు. అంటే కథలు సిద్ధంగా ఉన్నాయి, బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి, డబ్బుకు పద్దు ఉంది. లేనిది ఆ పత్రంలో ఒక గడి.

మేము ఒడియా వద్దంటున్నామని దయచేసి ఎవరూ అనుకోవద్దు. 1895 నాటి అక్షరాల పుస్తకం మధు బర్ణబోధ ఇప్పటికీ ఒడియా ఇళ్ళల్లో చంటిపిల్లల చేతుల్లో కనిపిస్తుంది. మీరూ దాంతోనే అక్షరాలు దిద్ది ఉంటారు. మా పిల్లలూ అది చదవాలి, చదువుతున్నారు. 1947 జూలైలో మొదలైన చందమామకు 1956లో ఒడియాలో జహ్నమాము తోడొచ్చింది. నా చిన్నప్పుడు మా వీధిలో తెలుగిళ్ళకు చందమామ, పక్క ఒడియా ఇంటికి జహ్నమాము వచ్చేవి. అవే రాజులు, అవే రాక్షసులు, చెట్టుకు వేలాడే అదే శవం, భుజాన వేసుకుని నడిచే అదే విక్రమార్కుడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఇక్కడ తెలిసిన కథను అక్కడ ఒడియా అక్షరాల్లో పోల్చుకుంటూ కూర్చునేవాళ్ళం. నాకు ఒడియా చదవడం వచ్చింది అలాగే, బడిలో కాదు. ఆ ఇంటి కుర్రాడికి తెలుగు కూడా అలాగే వచ్చింది. ఇప్పుడు ఆ రెండు పత్రికలూ లేవు. వాటి చోట్లోకి ఏమీ రాలేదు.

ఈ నేలకు పిల్లల చదువు కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండే సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టి చదువు చెప్పించారు. ఇవాళ మీ ప్రభుత్వం సవర సహా గిరిజన భాషల్లో చిన్న పిల్లలకు పుస్తకాలు ఇస్తోంది. చాలా మంచి పని, చేతులెత్తి దండం పెడతాను. 1945లో బాల పత్రిక తెచ్చి, రేడియోలో తెలుగు పిల్లలందరికీ అన్నయ్య అయిన న్యాయపతి రాఘవరావుగారు పుట్టింది మన బరంపురంలో. తెలుగు పిల్లలందరికీ కథలు పంచిన మనిషిని కన్న జిల్లాల్లో తెలుగు పిల్లలకు కథ కరవు కావడం నాకు కడుపుమంటగా ఉంది.

చట్టం సంగతి మీకు తెలియనిది కాదు. ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని, అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. భాషాపరంగా తక్కువమంది ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. చదవడానికి పుస్తకం కన్నా ముందు లెక్కకొచ్చే వసతి ఇంకేముంటుంది?

మంత్రిగారూ, బతిమాలుకుంటున్నాను. కోరిక పత్రంలో తెలుగుకు ఒక గడి పెట్టించండి. వచ్చే విడతలోనే గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు చెప్పే ప్రతి బడికీ తెలుగు కథల పుస్తకాలు పంపించండి. ఒకే పుస్తకం ఐదు ప్రతులు వద్దు, ఐదు కథలు కావాలి. ఒకటో తరగతికి ఒక్కో పుటకు ఒక్క వాక్యం ఉన్నవి, నాలుగు, ఐదు తరగతులకు పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడి కథల వంటివి. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా ఉన్న పుస్తకాలు వేయిస్తే ఇంకా మంచిది. ఒడియా పిల్లలూ మా పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకుంటారు. పుస్తకాలు వచ్చాక బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చేతికి ఇమ్మని ఒక ఆదేశం కూడా ఇవ్వండి. పుస్తకం చిరిగితే లెక్క చెప్పాల్సి వస్తుందని మాస్టార్లు భయపడుతున్నారు. చిరిగితే మాస్టారు జీతంలోంచి పట్టుకోబోమని అందులో రాయించండి. మరీ మరీ చెబుతున్నాను, ముందు ఆ గడి పెట్టించండి.

ఏ పుస్తకాలు కొనాలో తెలియకపోతే మమ్మల్ని పిలవండి. మా ఊళ్ళల్లో పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టార్లు, టీచరమ్మలు చాలామంది ఉన్నారు. ఏ తరగతి పిల్లలకు ఏ కథ నప్పుతుందో వాళ్ళకు తెలుసు. రోజుకూలీ, దారి ఖర్చులు అడగం. భువనేశ్వర్ రమ్మన్నా వస్తాం, కూర్చుని జాబితా రాసిచ్చి వెళ్తాం. ఏ రోజు రమ్మంటారో కబురు చేయించండి చాలు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి ప్రాంతం, గజపతి జిల్లా