చిన్నోడి గదికి ఎయిర్ ప్యూరిఫైయర్: ఎర్రగుంట్లలో ఉన్న అమ్మాయికి

కడప

తల్లీ,

నువ్వూ అల్లుడు గారూ పంపిన మూడు ఎయిర్ ప్యూరిఫైయర్ల వివరాలు నిదానంగా చదివాను. లెక్కలు ఫోన్లో చెబితే నిలవవని రాస్తున్నాను. మొదటిది వద్దు. మిగతా రెండింట్లో పెద్దది తీసుకోండి. హాల్లో అందరికీ కనిపించేలా కాదు, చిన్నోడు పడుకునే గదిలో పెట్టండి.

పెట్టె మీద ఎన్ని బొమ్మలున్నా ముందు చూడాల్సిన అంకె సీఏడీఆర్. ఆ మిషన్ గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో అది చెబుతుంది. మీ పడకగది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. అంటే 1200 ఘనపుటడుగులు, సుమారు 34 ఘనపు మీటర్లు. పిల్లికూతలున్న బిడ్డ గదిలో గాలి గంటకు ఐదుసార్లైనా ఫిల్టర్ గుండా తిరగాలి. 34ను ఐదుతో గుణిస్తే 170. అంతటితో ఆగొద్దు. పెట్టె మీద వేసేది ఫ్యాన్ పూర్తి వేగంతో తిరిగేటప్పటి లెక్క. ఆ మోతకు పిల్లోడు నిద్రపోడు, అర్ధరాత్రి నువ్వే లేచి తగ్గిస్తావు. తగ్గించిన వేగంలో వచ్చే గాలి చాలా తక్కువ. అందుకే 300కు తగ్గనిది కొని మధ్య వేగంలో నడపమంటున్నాను. నలభై వాట్ల మిషన్ రాత్రికి పది గంటలు తిరిగినా నెలకు 12 యూనిట్లే, కరెంటు బిల్లు గురించి టెన్షన్ వద్దు.

మొదటి దాని మీద 400 చదరపు అడుగులకు సరిపోతుందని రాశారు చూశావా? దాని సీఏడీఆర్ 200. అంత గది పదడుగుల ఎత్తుతో 113 ఘనపు మీటర్లు అవుతుంది. పూర్తి వేగంలో కూడా గంటకు రెండుసార్లు గాలి తిరగదు. పైగా దాన్లో అయనైజర్ (గాలిలోని కణాలకు విద్యుదావేశం ఎక్కించే భాగం) ఉంది, ఆపే బటన్ లేదు. అయనైజర్లలో కొన్ని ఓజోన్ వదులుతాయి. ఓజోన్ ఊపిరితిత్తులను రేపుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకు అసలు పనికిరాదు. ధర ఎంత తగ్గించినా అది మన ఇంటికి రాకూడదు.

హెపా ఫిల్టర్, అంటే సన్నటి కణాలను ఆపే ఒత్తైన పీచు ఫిల్టర్, 0.3 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకే పట్టుకుంటుందట కదా, అంతకన్నా చిన్నవి జారిపోవా అని అల్లుడు గారు అడిగారు. మంచి ప్రశ్న, నా క్లాసులో పిల్లలు అడిగి ఉంటే పీరియడ్ అంతా దాని మీదే గడిపేవాణ్ణి. మరీ చిన్న కణాలు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ కదులుతూ పీచుకు అంటుకుంటాయి. పెద్దవి గాలితో పాటు మలుపు తిరగలేక నేరుగా పీచుకు కొట్టుకుంటాయి. ఈ రెండింటికీ మధ్య, 0.3 మైక్రాన్ దగ్గర ఉన్నవే పట్టుకోవడానికి కష్టం. అందుకే పరీక్ష అక్కడ పెడతారు. ఫిల్టర్ మీద హెచ్13 అనే గ్రేడు ఉంటే ఆ కష్టమైన సైజులో కూడా 99.95 శాతం ఆగుతాయని అర్థం. ‘హెపా టైప్’ అని రాస్తే దానికి ఏ హామీ లేదు. కడుక్కోవచ్చు అన్నా నమ్మొద్దు, కడగగలిగేది ముందుండే జాలీ మాత్రమే. లోపలి ఫిల్టర్ మార్చాల్సిందే. దాని ధర ఎంతో, కడపలోనో ప్రొద్దుటూరులోనో దొరుకుతుందో లేదో కొనకముందే కనుక్కోండి. యూవీ లైటుకు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వొద్దు.

ఇక మీ ఊరి దుమ్ము. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల బురద ఎండి లేచే తెల్లపొడి, సిమెంటు లారీలు, బూడిద లారీలు అన్నీ మీ రోడ్డు మీదే. దేశంలో గాలి ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితాలో మన కడప, కర్నూలు, అనంతపురం మూడూ ఉన్నాయి, ఎర్రగుంట్ల గాలి అంతకన్నా మేలని నేననుకోను. అయితే కంటికి కనిపించే ఆ పొడిలో ఎక్కువ భాగం మిషన్ దాకా రాదు, కొన్ని నిమిషాల్లోనే నేల మీద వాలిపోతుంది. చీపురు పడితే మళ్ళీ లేస్తుంది. ఆషాఢం గాలులప్పుడు చీపురు పక్కనపెట్టి రెండు పూటలా తడిగుడ్డ పెట్టించు. గంటల తరబడి గాలిలోనే ఉండి ఊపిరితిత్తుల లోతుకు పోయేవి 2.5 మైక్రాన్ల లోపువి. డీజిల్ పొగ, చెత్త తగలబెట్టే పొగ, తాళింపు పొగ, అగరొత్తుల పొగ. ప్యూరిఫైయర్ అసలు అవసరం వీటికే.

అందుకే ఆ గదిలో దోమల చుట్ట ఈ రోజే ఆపెయ్యి. ఒక చుట్ట వదిలే సన్నటి కణాలు 75కు పైగా సిగరెట్లు వదిలేవాటితో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. తలుపులు మూసి, చుట్ట వెలిగించి, పక్కన ప్యూరిఫైయర్ పెట్టడంలో అర్థం లేదు. దోమతెర కట్టు. సాంబ్రాణి వేయాలనుకుంటే చిన్నోడు బడికి పోయాక, కిటికీలు తెరిచి వెయ్యి.

ఎండాకాలం సంగతి కూడా ఆలోచించాను. మీకు ఏసీ లేదు, కూలర్ ఉంది. కూలర్ బయటి గాలిని లోపలికి తోస్తుంది, కిటికీ తెరిచే ఉంచాలి. అప్పుడు ప్యూరిఫైయర్ ఎంత తిరిగినా ఫలితం దాదాపు ఉండదు, ఆపేసి ఫిల్టర్ మిగుల్చుకోండి. మార్గశిరం నుంచి మాఘం దాకా, చలికి తలుపులు మూసుకుని పొగమంచు నేలబారున ఉండే రాత్రుల్లో అది బాగా పనికొస్తుంది. సీలింగ్ ఫ్యాన్ సన్నగా తిరిగినా ఇబ్బంది లేదు.

మిషన్ వచ్చాక ముందు ఫిల్టర్ తీసి చూడండి. చాలాచోట్ల దానిమీద పాలిథిన్ కవర్ అలాగే ఉంటుంది, అది తీయకుండా నెలలు నడిపేవాళ్ళున్నారు. తర్వాత చిన్నోడు ఇంట్లో లేనప్పుడు తలుపులు మూసి, ఒక అగరొత్తి కాసేపు వెలిగించి ఆర్పండి. మిషన్ మీద కనిపించే అంకెను నమ్మొద్దు, అది తన పక్కనున్న గాలినే కొలుస్తుంది. గాలిలో కణాలను కొలిచే వేరే మీటరు మంచం మీద, తలగడ దగ్గర పెట్టండి. మీరు రాత్రి వాడబోయే వేగంలోనే నడపండి. గంటకు ఐదుసార్లు గాలి తిరుగుతుంటే పీఎం 2.5 అంకె (ఇందాక చెప్పిన 2.5 మైక్రాన్ల లోపు కణాలు ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాములో చెప్పేది) ఎనిమిది, తొమ్మిది నిమిషాల్లో సగానికి పడాలి. అరగంటైనా సగం కాకపోతే తిప్పి పంపండి, వాపసు గడువు దాటేదాకా అట్టపెట్టె పారేయొద్దు. రాత్రంతా ఆ గదిలో అంకె 15 దగ్గర నిలవాలని నా కోరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక రోజు సగటుకు పెట్టిన హద్దు అది. మన దేశపు హద్దు 60, అంతవరకూ పరవాలేదని నాకు అనిపించదు.

డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ మాత్రం, మిషన్ వచ్చింది కదా అని, అలవాటైపోతుందని ఎవరో అన్నారని మానొద్దు. మీ అత్తగారికి నేను చెబుతాను, నొచ్చుకోకుండానే చెబుతాను. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి ఇవ్వండి, ఇచ్చాక నోరు పుక్కిలింపించు.

మీటరు కొనకండి, నా దగ్గరున్నది ఆదివారం ఉదయం బస్సుకు తీసుకొస్తాను. మీ అమ్మ దోమతెర కుట్టిస్తోంది, మంచం కొలతలు రేపటికల్లా పంపు.

నాన్న