ఆదివారం పఠన సమావేశం: ర్యాంక్-నల్లిటీ సిద్ధాంతం

సభ్యులందరికీ నమస్కారం.

లీనియర్ ఆల్జీబ్రాను సొంతంగా చదువుకుంటున్న మన బృందం ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు వీడియో కాల్‌లో కలుస్తుంది. ఈసారి ఒకే ఒక్క నిరూపణను, అంటే ర్యాంక్-నల్లిటీ సిద్ధాంతపు నిరూపణను, పూర్తిగా పరిశీలిద్దాం. లీనియర్ రూపాంతరపు ర్యాంక్ (ఫలితాల స్పేస్ పరిమాణం), నల్లిటీ (కెర్నల్ పరిమాణం; కెర్నల్ అంటే సున్నాకు చేరే వెక్టర్ల సమితి) రెండూ కలిపితే, అది పనిచేసే మొత్తం స్పేస్ పరిమాణం వస్తుందని ఈ సిద్ధాంతం చెబుతుంది.

ముందుగా ప్రతి ఒక్కరూ ఒక ఉదాహరణ చేసి రావాలి. మూడు సంఖ్యల వెక్టర్‌ను తీసుకుని, మొదటి రెండింటి మొత్తాన్నీ చివరి రెండింటి మొత్తాన్నీ ఇచ్చే రూపాంతరానికి కెర్నల్ కనుక్కోండి. (1, -1, 1) గుణిజాలే వస్తే లెక్క సరిపోయినట్టే. అప్పుడు నల్లిటీ 1, ర్యాంక్ 2, మొత్తం 3.

తర్వాత పుస్తకం మూసి నిరూపణను మీ మాటల్లో రాయండి. కెర్నల్ బేసిస్‌ను (అందులోని ప్రతి వెక్టర్‌నూ ఒకే ఒక్క విధంగా కూర్చగల వెక్టర్ల సమితిని) మొత్తం స్పేస్ బేసిస్‌గా విస్తరించడం వరకు అందరికీ సులువుగానే సాగుతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే: కొత్తగా చేర్చిన వెక్టర్ల ప్రతిబింబాలు (రూపాంతరం ఇచ్చే ఫలితాలు) పరస్పరం స్వతంత్రమని ఎందుకు చెప్పగలం? ఆ ప్రతిబింబాల ఏదైనా సంయోగం (గుణకాలతో గుణించి కూడిన మొత్తం) సున్నా అయితే, ఆ వెక్టర్ల అదే సంయోగం కెర్నల్‌లో ఉండాలి కాబట్టి, దాన్ని కెర్నల్ బేసిస్‌తోనూ రాయవచ్చు; అక్కడి నుంచి గుణకాలన్నీ సున్నా అని మీరే తేల్చండి. కంఠస్థం చేసినవారు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు.

రాసిన పేజీ ఫొటోను, అసంపూర్ణంగా ఉన్నా సరే, శనివారం రాత్రి 9 గంటల లోపు గ్రూప్‌లో పెట్టండి. అర్థం కాని వాక్యం కింద గీత గీయడం మరువవద్దు, చర్చ వాటితోనే మొదలవుతుంది. రాలేనివారు ముందుగా తెలియజేయగలరు.