గట్టిమేళం వాయించేవాడి చెవుల సంగతి

వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఉంటాను. ముప్పై ఏళ్లుగా డోలే నా బతుకుతెరువు. తాళి కట్టే వేళ పంతులుగారు చెయ్యెత్తి 'గట్టిమేళం' అంటారు కదా, ఇప్పుడు నాకా మాట వినపడదు. చెయ్యి చూసి వాయించేస్తున్నాను. పెళ్లివారెవరూ ఇంకా కనిపెట్టలేదు.

కిందటి శ్రావణంలో అమ్మాయి పోరు పడలేక ఒక ఆసుపత్రికి వెళ్లాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎంతసేపటికీ ఏమీ వినపడదే! మిషన్ పాడైందేమో అనుకున్నాను. డాక్టరుగారు బీపీ అడిగారు, షుగర్ అడిగారు. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు. చీటీ మీద 'వయసు వల్ల' అని రాశారు. నాకు 51.

పెద్ద చప్పుడు రోజూ పడితే లోపలి చెవిలోని సన్నటి కణాలు చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. చప్పుడు కొలత 85 డెసిబెల్స్ అయితే రోజుకు ఎనిమిది గంటలు, 100 అయితే పావుగంట మించకూడదంటారు. మాఘమాసంలో మా లెక్క ఎదుర్కోలు నుంచి తెల్లవారుజాము ముహూర్తం దాకా. చుట్టాలు చెవులు మూసుకుంటారు. నా కుడిచేతి వేళ్లకు తొడుగులు, ఎడమచేతిలో పుల్ల. ఆ ఎడమ బొటనవేలు కూడా మొద్దుబారి, పొద్దున టీ గ్లాసు జారిపోతోంది. మా గురువుగారిని ఊళ్లో 'చెవిటి మేళం' అని వెక్కిరించేవారు. నేనూ నవ్వినవాణ్నే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో చప్పుడు వల్ల వచ్చే చెవుడును వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చారు. మాకు ఫ్యాక్టరీ ఎక్కడిది? పూటకో పెళ్లివారు. 2016 వికలాంగుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ వినికిడి పోతేనే లెక్కలోకి వస్తాం. అంత పోయాక ఇక డోలెందుకు?

డబ్బు అడగడం లేదండీ. డోలు, నాదస్వరం, బ్యాండు, డప్పు వాయించేవాళ్లకు ఏడాదికోసారి విజయవాడ, గుంటూరు సర్వజన ఆసుపత్రుల్లో చెవి, చెయ్యి, కన్ను ఉచితంగా చూడాలి. నాదస్వరం ఊదేటప్పుడు కంట్లో ఒత్తిడి పెరగవచ్చు కాబట్టి కన్ను కూడా అంటున్నాను. దూది పెట్టుకుంటే శ్రుతే అందదు. స్వరం చెడకుండా చప్పుడు మాత్రం తగ్గించే ఇయర్‌ప్లగ్‌లు ఉన్నాయి, అవి ఇప్పించండి. ఓపీ చీటీ మీద 'వృత్తి' అని ఒక గడి పెట్టించండి.

ఆషాఢంలో ముహూర్తాలుండవు. మేమంతా ఖాళీ. ఆ నెలలో ఎప్పుడు రమ్మన్నా వస్తాం.

ఇట్లు,
ఒక డోలు కళాకారుడు,
వన్‌టౌన్, విజయవాడ