ఆగిన బంతికీ త్వరణం ఉంటుందిరా!

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళకి మళ్ళీ మెకానిక్స్ పుస్తకం తెరిచావంటే భలే సంతోషమేసింది. పైకి విసిరిన బంతి చిట్టచివర ఒక్క క్షణం ఆగుతుంది కదా, మరి అక్కడ త్వరణం, అంటే వేగం మారే రేటు, కూడా సున్నాయేగా అన్నావు. కాదురా.

సెకనుకి 19.6 మీటర్ల వేగంతో విసిరావనుకో. ఒక సెకను గడిచేసరికి 9.8 మిగులుతుంది. రెండో సెకనుకి సున్నా. మూడో సెకనుకి మళ్ళీ 9.8, ఈసారి కిందికి. ప్రతి సెకనులోనూ మార్పు అదే 9.8, అదీ కిందివైపే. సున్నా దగ్గర ఆ మార్పు కాస్త విరామం తీసుకుందా? లేదు. తీసుకుని ఉంటే బంతి ఇక కిందికి వచ్చేదే కాదు, గాల్లోనే వేలాడుతూ ఉండేది.

నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాక అసలు తిరకాసు దొరికింది. బంతి మీద పైకి ఒక బాణం గీసి 'చేతి బలం' అని రాశావు. చెయ్యి వదిలేశాక ఇంకా చేతి బలమేంట్రా? గాలి సంగతి పక్కన పెడితే, పైకెళ్ళేటప్పుడూ దిగేటప్పుడూ బంతి మీద ఉన్నది భూమి ఆకర్షణ ఒక్కటే. కదలడానికి బలం అక్కర్లేదు, కదలిక మారడానికే కావాలి. బాధపడకులే, విసిరిన రాయిని వెనక నుంచి గాలి తోస్తుందని అరిస్టాటిలే అనుకున్నాడు! న్యూటన్ సూత్రాలు అచ్చయింది 1687లో కదా, అంతదాకా పండితులే కొట్టుకున్నారు.

లిఫ్ట్ లెక్క కూడా ఇదే. 60 కిలోల మనిషి లిఫ్ట్‌లో బరువు తూచే మెషీన్ మీద నిలబడ్డాడు. 2 మీ/సె² త్వరణంతో పైకి బయల్దేరితే మెషీన్ సుమారు 72 చూపిస్తుంది. వేగం నిలకడగా ఉంటే 60. పై అంతస్తు దగ్గరపడి అంతే త్వరణంతో నెమ్మదిస్తుంటే 48కి పడిపోతుంది. చూశావా, ఇంకా పైకే వెళ్తున్నాడు, త్వరణం మాత్రం కిందికి! ఏ దిక్కున పోతున్నాడన్నది మెషీన్‌కి పట్టదు.

న్యూటన్ మూడో సూత్రం, అదే ప్రతి చర్యకీ సమానమైన ప్రతిచర్య ఎదురుగా ఉంటుందన్నది, దాని గురించి ఒక్క ముక్క. ఆ మనిషి బరువూ, మెషీన్ అతన్ని పైకి తోసే బలమూ చర్య-ప్రతిచర్యలు కావు, రెండూ అతని మీదే ఉన్నాయి కాబట్టి. భూమి అతన్ని లాగితే అతనూ భూమిని అంతే బలంతో లాగుతాడు, జంట అంటే అది.

ఇక ఆ వాలు తలం లెక్కలో, అదే ఏటవాలు పలక మీద జారే వస్తువు త్వరణం కనుక్కోమన్న దాంట్లో, ద్రవ్యరాశి ఇవ్వలేదని అచ్చుతప్పు అనుకోకు. ఘర్షణ లేదన్నాడుగా, సమీకరణంలో రెండువైపులా కొట్టేస్తే ద్రవ్యరాశి ఎగిరిపోతుంది. 1971లో గాలి లేని చంద్రుడి మీద వ్యోమగామి డేవిడ్ స్కాట్ వదిలిన సుత్తీ ఈకా ఒకేసారి నేలను తాకడానికీ కారణం అదే. లెక్క చేసి జవాబు పంపు, బొమ్మతో సహా. బాణాలు చూస్తేగానీ నమ్మను.

ఉంటాను మరి.